కట్టుకున్న తొడుగు విప్పుకునేదెలా? మొక్కల వైరస్‌ల కోట్ ప్రొటీన్‌పై ఒక సందేహం

పత్రరంధ్రం

సభ్యులందరికీ నమస్కారం. పొగాకు మొజాయిక్ వైరస్ (ఇకపై టీఎంవీ అంటాను) గురించి చదివిన ప్రతిచోటా ఒక మాట కనిపిస్తోంది. దాని తొడుగైన కోట్ ప్రొటీన్‌నూ, లోపలి జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏనూ వేరుచేసి, శుద్ధి చేసి, తగిన ద్రావణంలో మళ్ళీ కలిపితే, ఏ ఎంజైము సాయమూ లేకుండానే అసలు వైరస్‌ను పోలిన కడ్డీలు ఏర్పడతాయని, అవి ఆకులను జబ్బుపరచగలవని చెబుతారు. 1955లో ఫ్రెంకెల్-కాన్రాట్, రోబ్లీ విలియమ్స్ చేసి చూపిన ఈ ప్రయోగాన్ని నేను శంకించడం లేదు. నా చిక్కు ఆ తరువాత మొదలవుతుంది.

ప్రొటీన్ ముక్కలు తమంత తాము కూడుకుంటున్నాయంటే, కూడుకున్న స్థితి విడిగా ఉన్న స్థితికంటే స్థిరమైనదని అర్థం కదా. అదే కడ్డీ కొత్త కణంలోకి వెళ్ళగానే విప్పుకోవాలి, లేకపోతే లోపలి ఆర్‌ఎన్‌ఏ ఎవరికీ అందదు. కానీ అది విప్పుకునే కణద్రవ్యమూ, అంతకుముందు అది కట్టుకున్న కణద్రవ్యమూ ఒకే రకానివి. పిహెచ్ అదే, లవణాలు అవే, వెచ్చదనం అదే. నీరు పల్లమెరుగు అంటారు. ఒకసారి పల్లానికి దిగిన నీరు అదే వాలులో మళ్ళీ ఎగువకు ఎలా పారుతోందో వివరించగలరా?

లెక్కలపలక

ప్రశ్న బాగుంది. సమాధానం చెప్పేంత జీవరసాయనం నాకు రాదు గానీ, చర్చకు పనికివచ్చే కొన్ని అంకెలు ఇస్తాను.

టీఎంవీ కడ్డీ పొడవు 300 నానోమీటర్లు, వెడల్పు 18, నడుమ ఉన్న సొరంగం వెడల్పు 4. ఆర్‌ఎన్‌ఏలో సుమారు 6,400 న్యూక్లియోటైడ్లు (గొలుసులో అక్షరాల వంటి ముక్కలు) ఉంటాయి. ఒక్కొక్క ప్రొటీన్ ఉపప్రమాణం (తొడుగులో పేర్చిన ఒక్కొక్క ప్రొటీన్ ముక్క) మూడేసి న్యూక్లియోటైడ్లను పట్టుకుంటుంది కాబట్టి ఉపప్రమాణాలు సుమారు 2,130 కావాలి. సర్పిలంలో ఒక చుట్టుకు 16⅓ ఉపప్రమాణాలు, అంటే మూడు చుట్లకు 49. ఈ లెక్కన మొత్తం 130 చుట్లు వస్తాయి. ఒక చుట్టు ఎత్తు 2.3 నానోమీటర్లు, దానిని 130తో గుణిస్తే 299. ఇంత పొందికగా కలిసే లెక్కలు జీవశాస్త్రంలో నాకు అరుదుగా తగులుతాయి.

మరొకటి. మూడు న్యూక్లియోటైడ్ల బరువు దాదాపు 1,000 డాల్టన్లు, అవి సూచించే ఒక ఎమైనో ఆమ్లం బరువు దాదాపు 110 డాల్టన్లు. అంటే ఏ ఆర్‌ఎన్‌ఏ అయినా ఒక్కొక్క ప్రతి చొప్పున రాయించగల ప్రొటీన్ తన బరువులో తొమ్మిదో వంతుకు మించదు. అంత చిన్న ముక్కతో తనను తాను పూర్తిగా కప్పుకోలేదు కనుక, ఒకే అచ్చును వేల ప్రతులు తీసి పేర్చక తప్పదు. 1956లో క్రిక్, వాట్సన్ చిన్న వైరస్‌లన్నిటికీ కలిపి చెప్పిన వాదం సారాంశం ఇదే. టీఎంవీ కోట్ ప్రొటీన్‌లో ఎమైనో ఆమ్లాలు 158 మాత్రమే. దాని జన్యువు మొత్తం ఆర్‌ఎన్‌ఏలో ఎనిమిది శాతం కూడా ఆక్రమించదు.

స్ఫటికలేఖ

పై అంకెలకు ఆకారం ఇవ్వడానికి ప్రయత్నిస్తాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

ఒక్కొక్క ఉపప్రమాణమూ నాలుగు ఆల్ఫా హెలిక్స్‌లు (స్ప్రింగులా చుట్టుకున్న గొలుసు భాగాలు) పక్కపక్కన చేరిన కట్ట. అది కడ్డీ అక్షం నుంచి బయటికి, చక్రంలో ఆకులా నిలబడుతుంది. గొలుసు రెండు కొసలూ బయటి ఉపరితలం వైపు, సొరంగం వైపు ఒక పొడవైన వంపూ ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ నడిమి సొరంగంలో ఉంటుందని చాలామంది పొరబడతారు. అది అక్కడ లేదు. అక్షం నుంచి 4 నానోమీటర్ల దూరంలో, ప్రొటీన్ చుట్టుకూ చుట్టుకూ మధ్య గాడిలో ఇరుక్కుని ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ లేని ప్రొటీన్ కడ్డీల ఎక్స్-కిరణ చిత్రాలను అసలు వైరస్ చిత్రాలతో పోల్చి 1950ల నడుమ ఈ స్థానాన్ని తేల్చినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రధానురాలు. మూడు చుట్లకు 49 అన్న లెక్క కూడా ఆమె బృందం పరిశీలనల నుంచే స్థిరపడింది.

ఇక కూర్పు. ఆర్‌ఎన్‌ఏ లేకుండా ప్రొటీన్ ఒక్కటే ద్రావణంలో ఉన్నప్పుడు అది ఏ రూపం తీసుకుంటుందో పిహెచ్, లవణ సాంద్రత, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. క్షారం వైపు, చల్లటి ద్రావణంలో, మూడు నుంచి ఐదు ఉపప్రమాణాల చిన్న గుంపులుగా తిరుగుతుంది. దీన్ని ఏ-ప్రొటీన్ అంటారు. పిహెచ్ 7 దగ్గర, గది వెచ్చదనంలో, అతివేగ సెంట్రిఫ్యూజ్‌లో 20ఎస్ వేగంతో (ఎస్ అనేది అడుగుకు దిగే వేగానికి కొలమానం) దిగే పెద్ద గుంపులవుతుంది. పిహెచ్ 6.5 కంటే దిగితే, ఆర్‌ఎన్‌ఏ లేకపోయినా పొడవాటి సర్పిలాలు కడుతుంది. కాబట్టి పిహెచ్ 7 దగ్గర సర్పిలం కట్టే సామర్థ్యం ప్రొటీన్‌లో ఉంది గానీ ఏదో దాన్ని ఆపుతోంది. ఆ అడ్డును తొలగించేది ఆర్‌ఎన్‌ఏ.

20ఎస్ గుంపు స్ఫటిక నిర్మాణాన్ని 1978లో 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఆరన్ క్లూగ్ బృందం ప్రకటించింది. అది రెండు పొరల చక్రిక. ఒక్కొక్క పొరలో 17 చొప్పున 34 ఉపప్రమాణాలు ఉంటాయి. సొరంగం వైపు వంపు ఆ చక్రికలో స్థిరంగా లేదు, కదులుతూ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏలోని ఒక ప్రత్యేకమైన జడపిన్ను మడత ఈ రెండు పొరల మధ్యకు జొరబడగానే వంపు బిగుసుకుంటుంది, 17 ఉన్న పొర 16⅓ చుట్టుగా జారుతుంది, చక్రిక కాస్తా సర్పిలానికి మొదటి మెట్టవుతుంది. ఆ మడత కొనలో ఏఏజీఏఏజీయూసీజీ అనే వరుస ఉంటుంది. అందులో ప్రతి మూడో అక్షరమూ జీ, అంటే గ్వానిన్. మూడేసి న్యూక్లియోటైడ్లు పట్టే ప్రొటీన్‌కు ప్రతి మూడో స్థానంలో గ్వానిన్ దొరకడం కాకతాళీయం కాదు; మూడు పట్టులలో ఒకటి గ్వానిన్‌ను మిగతా అక్షరాలకంటే గట్టిగా పట్టుకుంటుంది.

ఈ మడత ఆర్‌ఎన్‌ఏ కొసలో ఉండదు. ఆర్‌ఎన్‌ఏను చదవడం ముగిసే 3-ప్రైమ్ కొస నుంచి సుమారు 900 న్యూక్లియోటైడ్ల లోపల, కణం నుంచి కణానికి ప్రయాణానికి కావలసిన ప్రొటీన్ జన్యువులో ఉంటుంది. అక్కడ మొదలైన కడ్డీ, చదవడం మొదలయ్యే 5-ప్రైమ్ కొస వైపు వేగంగా పెరుగుతుంది, అటువైపు తోక నడిమి సొరంగం గుండా పైకి లాగబడుతూ, పెరిగే కొనపై కొత్త మడతగా పరుచుకుంటుంది. అందువల్ల సగం కట్టిన కడ్డీలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే ఆర్‌ఎన్‌ఏ తోకలు రెండూ ఒకే చివర నుంచి వేలాడుతుంటాయి. ఈ దృశ్యాన్ని ముందు చూసి ఉంటే సొరంగం ఎందుకుందన్న ప్రశ్నే పుట్టేది కాదేమో.

లఘుసర్పిలం

స్ఫటికలేఖ గారి వివరణలో ఒకచోట నాకు అభ్యంతరం ఉంది. చక్రిక స్ఫటికాలు అధిక లవణ సాంద్రతలో పెరిగినవి. స్ఫటికంలో దొరికిన రూపమే పిహెచ్ 7 ద్రావణంలోని 20ఎస్ గుంపు అని అనుకోవడం చాలాకాలం సాగింది. 1980ల నుంచి వచ్చిన ద్రావణ పరిశీలనలు మాత్రం ఆ గుంపు 39 ఉపప్రమాణాల దరిదాపుల్లో, రెండు చుట్లకు కొంచెం మించిన పొట్టి సర్పిలమేనని సూచించాయి. అదే నిజమైతే, చక్రిక సర్పిలంగా జారడమనే ఘట్టమే అవసరం లేదు. ముందే సర్పిలంగా ఉన్న ముక్కపైకి ఆర్‌ఎన్‌ఏ చేరుతుంది. పాఠ్యపుస్తకాలు చక్రిక బొమ్మనే ఇంకా ముద్రించడం బొమ్మ అందంగా ఉన్నందువల్లనే అనిపిస్తుంది.

మూల ప్రశ్నకు కూడా ఒక మాట. పత్రరంధ్రం గారు కూడుకోవడాన్ని స్థిరత్వంతో ముడిపెట్టారు, అది నిజమే. కానీ ఆ స్థిరత్వం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. టీఎంవీ ప్రొటీన్ వేడి చేస్తే కూడుకుంటుంది, చల్లబరిస్తే విడిపోతుంది. సాధారణ బంధాలు దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తాయి. మాక్స్ లాఫర్ ఎన్నో ఏళ్ళు చూపిన ప్రకారం ఈ కూర్పు వేడిని గ్రహించే ప్రక్రియ. దాన్ని నడిపేది ఎంట్రోపీ, అంటే అక్రమం పెరిగే ధోరణి. ఉపప్రమాణాల ముఖాలపై క్రమంగా పేరుకుని ఉన్న నీటి అణువులు, ముఖాలు అతుక్కున్నప్పుడు విడుదలై స్వేచ్ఛగా తిరుగుతాయి. ప్రొటీన్‌లో పెరిగిన క్రమం కంటే నీటిలో పెరిగిన అక్రమం ఎక్కువ. కాబట్టి మీరన్న పల్లం ప్రొటీన్‌లో లేదు, చుట్టూ ఉన్న నీటిలో ఉంది.

స్ఫటికలేఖ

అభ్యంతరం న్యాయమైనదే, నేను చక్రికను నిశ్చయంగా చెప్పి ఉండకూడదు. అయితే ఒక్కటి మాత్రం నిలుస్తుంది. 1971లో బట్లర్, క్లూగ్ చూపినట్లు, ఆర్‌ఎన్‌ఏకు 20ఎస్ గుంపులను ఇస్తే కడ్డీలు నిమిషాలలో ఏర్పడతాయి. ఏ-ప్రొటీన్‌ను మాత్రమే ఇస్తే గంటలు పడుతుంది. గుంపు చక్రికైనా పొట్టి సర్పిలమైనా, మొదటి పట్టుకు ముందే కూడి ఉన్న ముక్క కావాలి. ఇతర ఆర్‌ఎన్‌ఏలను వదిలేసి తన ఆర్‌ఎన్‌ఏనే ఎంచుకోవడం ఆ మొదటి పట్టులోనే జరుగుతుంది. ఆ ముక్క ఆకారంపై మనం ఏకీభవించకపోయినా నష్టం లేదు.

పత్రరంధ్రం

ఇద్దరికీ కృతజ్ఞతలు. కట్టుకోవడం గురించి నాకున్న ఊహలు చాలావరకు సరయ్యాయి. విప్పుకోవడం మాత్రం ఇంకా రాలేదు. పిహెచ్ 7 దగ్గర సర్పిలాన్ని ఏదో ఆపుతోందని స్ఫటికలేఖ గారు అన్నారు. ఆ అడ్డు ఏమిటి?

స్ఫటికలేఖ

పొరుగు ఉపప్రమాణాల మధ్య ఎదురెదురుగా కూర్చున్న ఆమ్ల సమూహాలు. ఒక ఉపప్రమాణంలోని 50వ స్థానపు గ్లుటామిక్ ఆమ్లమూ, దాని పైచుట్టులో ఉన్న పొరుగు ఉపప్రమాణంలోని 77వ స్థానపు ఆస్పార్టిక్ ఆమ్లమూ ఇందులో బాగా తెలిసిన జంట. రెండూ రుణావేశంతో ఉంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పిహెచ్ తగ్గితే ఇద్దరి మధ్య ఒక ప్రోటాన్ చేరి తోపులాట ఆగుతుంది; కాల్షియం అయాన్ వచ్చినా అదే ఫలితం. టైట్రేషన్‌లో (ఆమ్లం లేదా క్షారం కొద్దికొద్దిగా కలిపి కొలిచే పద్ధతిలో) ఒక్కొక్క ఉపప్రమాణం దాదాపు రెండు ప్రోటాన్‌లను, మామూలు కార్బాక్సిల్ సమూహాలు పట్టుకోలేని పిహెచ్ 7 ప్రాంతంలో పట్టుకోవడం చూసి, నిర్మాణం తెలియడానికి చాలాముందే, 1963లో డొనాల్డ్ కాస్పర్ ఇలాంటి జంటలుండాలని ఊహించారు. వాటిని ఇప్పటికీ కాస్పర్ కార్బాక్సిలేట్లు అంటారు. 50వ గ్లుటామిక్ ఆమ్లాన్ని ఆవేశం లేని గ్లుటమిన్‌గా మార్చితే కడ్డీలు మరింత గట్టిపడ్డాయి, కానీ మొక్కలో సంక్రమణ బలహీనపడింది. అంటే ఆ వికర్షణ లోపం కాదు. వైరస్‌కు కావలసిన భాగం.

ఇరవైముఖాలు

చర్చ అంతా కడ్డీ చుట్టూనే తిరుగుతోంది. గోళాకార వైరస్‌ల వైపు కూడా చూడండి, ఎందుకంటే ఇదే తోపులాట అక్కడ కంటికి కనిపించేటంత స్పష్టంగా ఉంటుంది.

ముందు నిర్మాణం. ఐకోసాహెడ్రన్ అనే ఇరవై ముఖాల ఆకృతిలో పూర్తిగా ఒకే రకమైన పొరుగుతనంతో అమర్చగలిగేది 60 ఉపప్రమాణాలనే. శాటిలైట్ టొబాకో నెక్రోసిస్ వైరస్ అంతటితో సరిపెట్టుకుంది. కానీ 60తో చేసిన డొల్లలో పెద్ద జీనోమ్ పట్టదు. 1962లో కాస్పర్, క్లూగ్ దీనికి దారి చెప్పారు: పొరుగుతనం అన్నిచోట్లా అచ్చంగా ఒకేలా ఉండనక్కరలేదు, దాదాపు ఒకేలా ఉంటే చాలు. అప్పుడు 60కి గుణిజాలు సాధ్యమవుతాయి, కానీ ఏ గుణిజమైనా కాదు. రెండు పూర్ణసంఖ్యల వర్గాలనూ వాటి లబ్ధాన్నీ కూడితే వచ్చే 1, 3, 4, 7 వంటివే. గుణిజం 3 అయితే 180 ఉపప్రమాణాలు. మొక్కల గోళాకార వైరస్‌లలో ఇది అతి సాధారణం.

1978లో స్టీఫెన్ హారిసన్ బృందం టమాటా బుషీ స్టంట్ వైరస్‌ను 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద చూపినప్పుడు, ఆ 'దాదాపు' అంటే ఏమిటో మొదటిసారి అణువుల స్థాయిలో తెలిసింది. ఒకే ప్రొటీన్ ఏ, బీ, సీ అనే మూడు భంగిమల్లో ఉంది. తొడుగులో భాగమయ్యే క్షేత్రం ఎనిమిది బీటా పోగుల జెల్లీరోల్ మడత. సీ భంగిమలోని 60 ప్రతులలో మాత్రమే లోపలి చేయి (గొలుసులో లోపలికి చాచిన కొస) క్రమంగా మడిగి, మూడు చేతులు ఒకదానితో ఒకటి అల్లుకుని బీటా-ఆన్యులస్ అనే ఉంగరం కడతాయి. మిగిలిన 120 ప్రతుల చేతులు క్రమం లేకుండా లోపల వేలాడుతుంటాయి. ఈ ఉంగరమే తొడుగు పరిమాణాన్ని నిర్ణయించే మీట అని చాలాకాలం అందరూ రాశారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు అవిశను సోకే సెస్బేనియా మొజాయిక్ వైరస్‌లో ఆ ఉంగరం కట్టే భాగాన్నే తొలగించి చూస్తే, 180 ఉపప్రమాణాల తొడుగు యథాప్రకారం ఏర్పడింది. మొదటి 65 ఎమైనో ఆమ్లాలనూ కత్తిరిస్తే మాత్రం 60 ఉపప్రమాణాల చిన్న తొడుగు వచ్చింది. స్ఫటికంలో అందంగా కనిపించిన ప్రతిదీ కారణం కాదని చెప్పడానికి నేను తరచు ఇచ్చే ఉదాహరణ ఇది.

ఇక తోపులాట. అలసందకు సోకే క్లోరోటిక్ మాటిల్ వైరస్ 28 నానోమీటర్ల గోళం; దాని కోట్ ప్రొటీన్‌కు 190 ఎమైనో ఆమ్లాలు. 1967లో బ్యాంక్రాఫ్ట్, హీబర్ట్ దీనిని విడదీసి మళ్ళీ కూర్చారు, గోళాకార వైరస్‌లలో అలా చేయడం అదే మొదలు. పిహెచ్ 5 దగ్గర ఇది బిగుతుగా ఉంటుంది. కాల్షియం వంటి ద్విసంయోజక అయాన్లను తొలగించి పిహెచ్‌ను 7కు పెంచితే గోళం విచ్చిన్నం కాదు. వ్యాసార్ధం పది శాతం పెరిగి, 60 చోట్ల రంధ్రాలు తెరుచుకుని ఉబ్బుతుంది. ఆ రంధ్రాల దగ్గరే కాల్షియం పట్టే ఆమ్ల సమూహాలున్నాయి. ఉబ్బినా చెదరకపోవడానికి కారణం, ఉపప్రమాణాలు జంటలుగా ఒకదాని తోకను మరొకటి బిగించి పట్టుకోవడం, లోపల ధనావేశపు చేతులు ఆర్‌ఎన్‌ఏను పట్టుకోవడం. ఒక్కొక్క చేతికి సుమారు పది ధనావేశాలు, 180 చేతులకు 1,800. లోపలి ఆర్‌ఎన్‌ఏకు దాదాపు 3,000 రుణావేశాలు. లెక్క సరిపోదు, అయినా నిలుస్తుంది.

లఘుసర్పిలం

ఒక చిన్న చేర్పు. వంగే దారాల్లాంటి వైరస్‌లను టీఎంవీకి పొడుగైన తమ్ముళ్ళుగా భావించకండి. పుచ్చ మొజాయిక్, పెపినో మొజాయిక్ వైరస్‌లను 2015 నుంచి క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో (నమూనాను గడ్డకట్టించి చూసే పద్ధతితో) చూస్తే, చుట్టుకు తొమ్మిదికి లోపు ఉపప్రమాణాలు, ఒక్కొక్క దానికి ఐదు న్యూక్లియోటైడ్లు కనిపించాయి. సర్పిలం చేతివాటం కూడా టీఎంవీకి వ్యతిరేకం, ఎడమవైపు. పొరుగు ఉపప్రమాణంలోకి చాచిన సన్నని చేతులు కీలుల్లా పనిచేయడం వల్లే అవి విరగకుండా వంగుతాయి.

నేలతడి

ఆలస్యంగా చూశాను. పత్రరంధ్రం గారి ప్రశ్నకు నేరుగా వస్తాను, ఎందుకంటే పైన చెప్పినవన్నీ నిజమైనా ఆయన అడిగింది ఇంకా అలాగే ఉంది. కాల్షియం, ప్రోటాన్ల కథ కణం బయటకూ లోపలకూ ఉన్న తేడాను చెబుతుంది. బయట ఆమ్లత్వం, కాల్షియం ఎక్కువ, తాళం పడుతుంది. కణద్రవ్యంలో కాల్షియం అత్యల్పం, తాళం వదులవుతుంది. కానీ కట్టుకునేదీ ఆ వదులైన కణద్రవ్యంలోనే కదా అన్నది ఆయన ఆక్షేపణ.

సమాధానం ఏమిటంటే, విప్పుకోవడం కట్టుకోవడానికి తిరుగుదారి కాదు. కట్టుకోవడం 3-ప్రైమ్ కొసకు దగ్గర ఉన్న మడత దగ్గర మొదలవుతుంది. విప్పుకోవడం దానికి దూరపు కొసలో, 5-ప్రైమ్ దగ్గర మొదలవుతుంది. ఆ కొసలోని మొదటి 68 లేదా అంతకు సమీపమైన న్యూక్లియోటైడ్ల నాయకభాగంలో, చివరి టోపీని (కొసకు తగిలించిన రసాయన సమూహాన్ని) మినహాయిస్తే, గ్వానిన్ ఒక్కటీ లేదు. ప్రొటీన్ గట్టిగా పట్టుకునేది గ్వానిన్‌నే అని పైన స్ఫటికలేఖ గారు చెప్పారు. అందువల్ల కడ్డీ అంతటిలో ఆ కొసే పట్టు తక్కువైన చోటు. టీఎంవీని పిహెచ్ 8 దగ్గర కొంతసేపు ఉంచితే కడ్డీ మొత్తం కూలదు. ఆ కొసలో కొద్ది ఉపప్రమాణాలు రాలి, నాయకభాగం బయటపడుతుంది. ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌కు అది చాలు. 1984లో విల్సన్ చూపిన ప్రకారం, రైబోజోమ్‌లు ఆ కొస పట్టుకుని ఆర్‌ఎన్‌ఏను చదువుతూ ముందుకు సాగుతుంటే ఎదురైన ఉపప్రమాణాలు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. రైబోజోమ్‌లు తగులుకున్న అటువంటి సగం కడ్డీలకు ఆయన స్ట్రిపోజోమ్ అని పేరు పెట్టారు. 3-ప్రైమ్ వైపు మిగిలిన భాగాన్ని, కొత్తగా తయారైన రెప్లికేస్ (ఆర్‌ఎన్‌ఏకు నకళ్ళు తీసే ఎంజైము) ఎదురు దిశలో నకలు తీస్తూ విప్పుతుంది.

కాబట్టి నీరు తనంత తానే ఎగువకు పారడం లేదు. ఎవరో తోడి పోస్తున్నారు, ఆ తోడే శక్తి కణానిది. కట్టుకోవడానికి కణం శక్తి ఖర్చు పెట్టనక్కరలేదు గానీ, విప్పుకోవడానికి ప్రొటీన్ తయారీకి అయ్యే ఖర్చులోనే కొంత వాడుకుంటుంది. దీనికి సాంద్రత కూడా తోడవుతుంది. కొత్త కణంలో విడి కోట్ ప్రొటీన్ లేదు కనుక, రాలిన ఉపప్రమాణం మళ్ళీ వచ్చి అతుక్కునే అవకాశం తక్కువ. సంక్రమణ చివరి దశలో అదే ప్రొటీన్ కణంలో కుప్పలుగా ఉంటుంది, అప్పుడు కట్టుకోవడమే పైచేయి.

ఈ చివరి మాటకు గట్టి సాక్ష్యం ఉంది. 1986లో రోజర్ బీచీ బృందం పొగాకు మొక్కల్లో టీఎంవీ కోట్ ప్రొటీన్ జన్యువును చొప్పించింది. కణంలో ముందే కోట్ ప్రొటీన్ ఉన్న ఆ మొక్కలు టీఎంవీని తట్టుకున్నాయి. తరువాత అవే మొక్కలకు తొడుగులేని ఆర్‌ఎన్‌ఏను, లేదా పిహెచ్ 8 దగ్గర కొస వదులు చేసిన వైరస్‌ను ఇచ్చి చూస్తే, రక్షణ చాలావరకు పనిచేయలేదు. అంటే కణంలో విడిగా ఉన్న ప్రొటీన్ అడ్డుకుంటున్నది సరిగ్గా మొదటి కొద్ది ఉపప్రమాణాల విడుదలనే.

పత్రరంధ్రం

ఇప్పుడు స్పష్టమైంది, నా ప్రశ్నలోనే దోషముంది, రెండూ ఒకే దారి అని ముందే అనుకున్నాను. ఒక ఉపప్రశ్న. మొక్కలో ముందే ఉన్న ప్రొటీన్ రక్షణ ఇవ్వడానికి కారణం అది కడ్డీ కొసపై తిరిగి అతుక్కోవడమే అయితే, అతుక్కునే గుణం పోగొట్టిన ప్రొటీన్ రక్షించకూడదు, ఆ గుణం పెంచినది ఎక్కువ రక్షించాలి. అలా ఎవరైనా చేసి చూశారా?

నేలతడి

చేశారు, అదీ బీచీ బృందమే, 1997లో. 28వ స్థానంలోని త్రియోనిన్‌ను ట్రిప్టోఫాన్‌గా మార్చిన ప్రొటీన్ కూర్పులో పాల్గొనలేదు. దాన్ని తయారుచేసే మొక్కలకు రక్షణ రాలేదు. 42వ స్థానంలోని త్రియోనిన్‌ను అదే ట్రిప్టోఫాన్‌గా మార్చినప్పుడు ఉపప్రమాణాల మధ్య పట్టు పెరిగింది; ఆ మొక్కలు మార్పులేని ప్రొటీన్ ఉన్న మొక్కలకంటే వైరస్‌ను మరింత బాగా తట్టుకున్నాయి.